రేపల్లె బిళ్ళలూ, మా ఇంటి స్వామీ

ప్రోస్టేటు గ్రంథి ఎక్కడుంటుందో బాపట్లలో సగంమంది మగపిల్లలకి చెప్పింది నేనే. హైస్కూల్లో జీవశాస్త్రం చెప్పి పోయిన సంవత్సరమే రిటైరయ్యాను. ఆ పాఠం వచ్చిందంటే చాలు, మగ మాస్టార్లు "మీ సబ్జెక్టే కదండీ మేడం" అంటూ స్టాఫ్ రూములో పేపరు అడ్డం పెట్టుకునేవారు. నేను బోర్డు మీద మూత్రాశయం గీసి, దాని కింద ఉసిరికాయంత గుండ్రంగా చుట్టి, వయసు మళ్ళాక ఇది పెరుగుతుంది, పెరిగితే దారి నొక్కుకుపోతుంది అని చెప్పేదాన్ని. వెనక బెంచీ వాళ్ళు కిసుక్కుమంటే సుద్దముక్క విసిరేదాన్ని.

అలాంటి నాకు, మా ఆయనకి కూడా ఆ గ్రంథి ఉందనీ, అది పెరిగిందనీ, దానికి మందులు మింగుతున్నారనీ తెలియడానికి ఏడాది పైనే పట్టింది. అన్నాళ్ళూ ఆయన నాతో చెప్పింది ఏంటంటే, తనకి భక్తి పెరిగిందని.

మాది తెనాలి. మా ఆయనకి ఎరువులు, పురుగుమందుల కొట్టు ఉంది. జంపని నుంచీ కాకుమాను నుంచీ రైతులు వస్తారు. మందు డబ్బా చేతికిచ్చే ముందు ఆయన చేసే ఉపన్యాసం విని తీరాలి. గాలికి ఎదురు కొట్టమాకంటారు, మూతికి గుడ్డ కట్టుకోమంటారు, డబ్బా మీద ఎర్రగుర్తు ఉంటే అర్థం ఏంటో అడిగి, చెప్పలేకపోతే డబ్బా వెనక్కి లాక్కుంటారు. లేబులు మీద చీమ తలకాయంత అక్షరాలు కూడా కళ్ళజోడు సర్దుకుని చదివి వినిపిస్తారు. పొరపాటున ఒంటికి తగిలితే ఏం చెయ్యాలో, డాక్టరుకి ఏమని చెప్పాలో కూడా నేర్పి పంపుతారు. ఇంత జాగ్రత్త గల మనిషి, తను మింగే బిళ్ళలతో పాటు వచ్చిన కాగితాన్ని మడతైనా విప్పకుండా రేపల్లె రైలు కిటికీలోంచి బయటికి విసిరేశారట. ఈ సంగతి తర్వాత ఆయన నోటివెంటే విన్నాను.

రేపల్లె ఎందుకంటారా? తెనాలిలో ఏ సందులోకి తొంగిచూసినా ఆస్పత్రి బోర్డే. కానీ ఇక్కడి కాంపౌండర్లు ఆయనకి తెలుసు, మందుల షాపుల వాళ్ళ నాన్నలు ఆయన ఖాతాదార్లు. బాపట్ల వెళ్దామంటే అది నా ఇలాకా, సూది వేసేవాడి దగ్గర్నుంచి స్కానింగు తీసేవాడి దాకా నా శిష్యులే. రేపల్లెలో మా చుట్టాలు లేరు. రైలు కూడా అక్కడితో ఆగిపోతుంది కాబట్టి, ఎక్కడికో వెళ్తూ మధ్యలో తెలిసినవాళ్ళు తగిలే ప్రమాదం లేదు. ఇంత ఆలోచన ఆ మనిషి పిల్లల చదువుల విషయంలో కూడా చెయ్యలేదు. నాతో మాత్రం కంపెనీ మీటింగు అన్నారు.

అక్కడి డాక్టరుగారు పాపం అన్నీ సక్రమంగానే చేశారు. పరీక్షలు చేయించి, భయపడాల్సిందేం లేదు, క్యాన్సరు కాదు, వయసుతో వచ్చిన వాపే అని చెప్పి రెండు రకాల బిళ్ళలు రాశారు. ఒకటి దారి సడలించేది, రెండోది గ్రంథిని మెల్లగా కుదించేది. మందులు పనిచేశాయి కూడా. మా ఆయన హాయిగా నిద్రపోవడం మొదలుపెట్టారు. కాకపోతే మొదటి రకానికి ముక్కు దిబ్బడ వేస్తుంది, గబుక్కున లేచి నిలబడితే కళ్ళు తిరుగుతాయి. రెండో రకానికి కొందరిలో కోరిక చచ్చిపోతుంది, ఉన్నా ఒళ్ళు మాట వినదు, ఛాతీ మీద రొమ్ము ఉబ్బి సలుపుతుంది. ఇవేవీ అందరికీ రావు. మా ఆయన ఏ విషయంలోనూ ఎవరికీ తగ్గే రకం కాదు కనక అన్నీ వచ్చాయి.

ఏదైనా తేడా చేస్తే వచ్చి చెప్పమని డాక్టరుగారు అన్నారట. తేడా చేసింది. ఈయన వెళ్ళి చెప్పలేదు. ఇంటికొచ్చి మాల వేసుకున్నారు.

కార్తీకం వచ్చింది. మా వీధి గురుస్వామి, అంటే చాలాసార్లు శబరిమల వెళ్ళొచ్చి మిగతావాళ్ళకి మాల వేసే పెద్దమనిషి, మా ఆయనకి అయ్యప్ప మాల వేశారు. నల్లబట్టలు, చన్నీళ్ళ స్నానం, ఒంటిపూట భోజనం, కటిక నేల మీద చాప. నలభై ఒక్క రోజులు భార్య దూరం. ఆ చివరి నియమం ఉంది చూశారూ, ఆయనకి కావల్సింది అదే. మిగతావన్నీ దానికోసం భరించారు. అప్పుడు నాకేం తెలుసు, మురిసిపోయాను. ఇన్నాళ్ళూ గుడి మెట్టు ఎక్కమంటే మోకాళ్ళ నొప్పులన్న మనిషికి దేవుడి మీద గురి కుదిరిందని నలుగురికీ చెప్పుకున్నాను. దీక్షలో ఉన్నవాళ్ళకి ఆడవాళ్ళందరూ మాతలే. ముప్ఫై ఏళ్ళు కాపురం చేసిన మొగుడు పొద్దున్నే "మాతా, కాఫీ" అంటుంటే స్వామీ, తెస్తున్నా స్వామీ అని పలికాను. ఇప్పుడు తల్చుకుంటే ఒళ్ళు మండిపోతుంది.

శబరిమల వెళ్ళొచ్చి మాల తీశారు. గడ్డం గీసుకున్నారు. నాకు సిగ్గేం లేదు, చెబుతాను. ఆ రోజు నేను ఆయనకిష్టమైన ముదురాకుపచ్చ చీర కట్టుకుని, పూలు పెట్టుకుని ఎదురుచూశాను. ప్రయాణ బడలిక అన్నారు. ఆ బడలిక వారమైనా తీరలేదు. అది తీరేలోపు శివదీక్ష అన్నారు. శివరాత్రి దాటాక ఊపిరి పీల్చుకుందామనుకుంటే ఆంజనేయస్వామి వచ్చాడు, బట్టలు సింధూరం రంగుకి మారాయి. ఎండాకాలంలో దీక్షలు లేవు గదా అనుకున్నాను. ఏసీ గాలికి ముక్కు దిబ్బడేస్తోందని దిండు పట్టుకుని మేడెక్కారు. వానలు పడ్డాక కొట్టుకి సరుకు దిగుతోంది, కాపలా ఉండాలి అన్నారు. మళ్ళీ కార్తీకం వచ్చేసింది. దేవుళ్ళ మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు. నా మొగుడు వాళ్ళని ఇలా వంతులవారీగా కాపలా పెట్టుకుంటాడని వాళ్ళు మాత్రం ఏం కలగంటారు.

అన్నట్టు, నడినెత్తిన బట్టతల మీద నూగు మొలిచింది. గ్రంథిని కుదించే బిళ్ళకి అదో గుణం, కొందరికి జుట్టు వస్తుంది. ఆయన మాత్రం స్వామి మహిమ అని కొట్టుకొచ్చిన రైతులందరికీ తలవంచి చూపించారు. మా వీధిలో ఇద్దరు బట్టతలల వాళ్ళు ఆ ఏడాది కొత్తగా మాల వేసుకున్నారు.

బయటికి ఇలా నవ్వొచ్చేట్టుగానే ఉండేది. లోపల నాకు ఏడుపొచ్చేది. ఈయనకి నేను అక్కర్లేకుండా పోయానా అన్నదొక్కటే నా మనసులో తిరిగేది. యాభై దాటిన ఆడదానికి ఇంకా ఇవేం ఆలోచనలని ఎవరైనా అంటారేమోనని పైకి చెప్పుకోలేకపోయేదాన్ని. అద్దంలో చూసుకుంటే అన్నీ లోపాలే కనిపించేవి. ఒళ్ళు వచ్చింది, మెడ నల్లబడింది, మనిషి దగ్గరికొస్తే తొలగిపోయేంతగా ఏమయ్యానో అర్థమయ్యేది కాదు. పక్కన పడుకోకపోతే పోనీ, కూరలో ఉప్పు సరిపోయిందా అని అడుగుతూ భుజం మీద చెయ్యి వేసినా, స్వామికి మడి అన్నట్టు వెనక్కి జరిగేవారు.

దాంతో నా అనుమానం రేపల్లె మీదకి పోయింది. నెలకోసారి మీటింగేంటి? ఎప్పుడూ రేపల్లెలోనేనా? మా స్కూల్లో లెక్కల టీచరు నాతో పాటే తెనాలి నుంచి రైల్లో వచ్చేది. లూథరన్ చర్చి వాళ్ళు, మనిషి ముక్కుసూటిగా మాట్లాడుతుంది. మా ఇంటి దీక్షల వరస అంతా ఓపిగ్గా విని, పొన్నూరు దాటాక అంది. "మా వాళ్ళ లెంటు ఉపవాసం నలభై రోజులకి అయిపోద్ది అక్కా. ఈస్టరు రోజు కోడి కోసుకుంటాం. మీ ఆయనకి ఈస్టరే రాట్లేదేంటి?" నవ్వాను. బాపట్లలో దిగి స్టేషను మెట్లెక్కుతూ మాత్రం ఆయన మీటింగులన్నీ వేళ్ళ మీద లెక్కేశాను. రేపల్లెలో ఎవరో ఉంది అని అప్పుడే తీర్మానం చేసుకున్నాను. ఆ వారమంతా ఆయన నల్లచొక్కాలు ఉతికే ముందు వాసన చూశాను. కర్పూరం తప్ప ఏమీ తగల్లేదు.

రెండో ఏడాది అయ్యప్ప దీక్షలో మా ఇంట్లో పడిపూజ పెట్టారు. హాల్లో అరటి బోదెలతో పద్దెనిమిది మెట్లు కట్టి, మెట్టుకో దీపం పెట్టారు. వీధిలో స్వాములంతా వచ్చారు. అందరూ పైన చొక్కా లేకుండా కండువాలతో కూర్చుంటే, మా ఆయనొక్కరే మెడదాకా గుండీలు పెట్టుకున్న నల్లచొక్కాతో చెమటలు కక్కుతున్నారు. ఎందుకో నాకప్పుడు తెలియదు. పొద్దున్నుంచి మంచినీళ్ళు తప్ప ఏమీ పడలేదు కడుపులో. గంటల తరబడి బాసింపట్టు వేసుకుని భజన చేసి, హారతి అనగానే గబుక్కున లేచారు. లేచిన మనిషి లేచినట్టే పక్కకి ఒరిగి మెట్ల ముందు పడిపోయారు.

ఎవరైనా మనిషి పడిపోతే ఏం చేస్తారు? మా వీధి స్వాములు శరణుఘోష అందుకున్నారు. స్వామి వంటిమీదకి వచ్చాడన్నారు. డప్పు జోరు పెంచారు. నలుగురు సాష్టాంగపడ్డారు. ఎదురింటావిడ కొంగు సవరించుకుని ముందుకొచ్చి, తమ స్థలం రిజిస్ట్రేషను ఈ నెల్లో అవుతుందా స్వామీ అని స్పృహ లేని మనిషిని అడిగింది. ఆయన నోటినుంచి చిన్న మూలుగు వచ్చింది. అవుతుందన్నాడని పక్కావిడ భరోసా ఇచ్చింది.

నేను మొహం చూశాను. సున్నం కొట్టినట్టు తెల్లగా ఉంది. దేవుడు వచ్చిన మొహం కాదది, మెదడుకి నెత్తురు అందని మొహం. డప్పు ఆపమన్నాను. ఎవరూ వినలేదు. జనాన్ని తోసుకుని వెళ్ళి కాళ్ళు రెండూ ఎత్తి నా ఒళ్ళో పెట్టుకున్నాను, మెడదగ్గర గుండీ విప్పాను. "మాతా, దీక్షలో ఉన్న స్వామిని తాకకూడదు" అని ఎవరో గద్దించారు. "స్వామి కాదు, నా మొగుడు. అవతలికి జరగండి, గాలి రానివ్వండి" అన్నాను. ఎన్ని నెలలయిందో ఆయన్ని తాకి. అరికాళ్ళు చల్లగా, పగుళ్ళతో ఉన్నాయి. అవి పట్టుకుని అందరి ముందూ ఏడ్చాను.

నర్సింగ్ హోముకి తీసుకెళ్ళాం. డ్యూటీలో ఉన్న డాక్టరమ్మ ఆయన్ని పడుకోబెట్టి ఒకసారి, నిలబెట్టి ఒకసారి బీపీ చూసింది. నిలబడగానే అంకె బాగా పడిపోయింది. ఏం బిళ్ళలు వాడుతున్నారండీ అని అడిగింది. ఏం లేదండి అన్నారు. బీపీకి? లేదండి. షుగరుకి? లేదండి. మరి ఇది ఊరికే పడిపోదు గదండీ అంది. మా ఆయన మెడ దగ్గర గుండీ మళ్ళీ పెట్టుకున్నారు. వెంట వచ్చిన స్వాములు గోడమీద పోస్టర్లు చదువుతున్నారు. అప్పుడు గురుస్వామి గొంతు సవరించుకుని, నా వంక చూడకుండా, డాక్టరమ్మతో మెల్లిగా అన్నారు. "నేను వాడేవేనండి. ప్రోస్టేటుకి. రేపల్లె డాక్టరుగారి దగ్గరికి నేనే పంపానండి."

గురుస్వామి వెనకాల ఇంకో ఇద్దరు స్వాములు ఉన్నట్టుండి ఫ్యాను రెక్కల వంక చూడసాగారు. మా వీధిలో భక్తి ఎందుకంత ఏపుగా పెరిగిందో నాకు ఆ క్షణాన అర్థమైంది. కల్మషం లేని భక్తులు కూడా వాళ్ళలో ఉన్నారు, కాదనను. ఎవరు ఎవరో తేల్చాలంటే మాత్రం మందుల డబ్బాలు తెరిపించాల్సిందే.

ఈసీజీ తియ్యాలి, చొక్కా విప్పండి అన్నారు. ఆయన చొక్కా రెండు చేతులతో పట్టుకుని వదల్లేదు. నేనే గుండీలు విప్పాను. ఛాతీ రెండు పక్కలా ఉబ్బి ఉంది. వేలు తగిలితే నొప్పికి కళ్ళు మూసుకున్నారు. ఇది కూడా ఆ రెండో బిళ్ళ వల్లేనండి, ముందే చెప్పాల్సింది అని డాక్టరమ్మ మామూలుగా అనేసింది. ఆవిడకి రోజూ చూసేదే. మా ఆయన మొహం గోడవైపు తిప్పుకున్నారు. అరవై దాటిన మనిషి, ఊరి రైతులకి విరుగుళ్ళు చెప్పే మనిషి, చంటిపిల్లాడిలా చేతులు అడ్డం పెట్టుకుని పడుకున్నారు. అప్పటిదాకా తిట్టాలని కూడబెట్టుకున్న మాటలన్నీ పక్కన పెట్టి, మంచం చుట్టూ తెర లాగాను.

అవి ఇంటికొచ్చాక బయటికొచ్చాయి. గురుస్వామి వచ్చి మాల తీసేశాక తలుపేసి అన్నీ అడిగాను. రేపల్లెలో ఆడమనిషి ఉందనుకుని ఎంత కుళ్ళిపోయానో చెప్పాను. ఆయన ఒక్క నిమిషం నా మొహంలోకి చూశారు. "నిజంగా అనుకున్నావా?" అన్నారు. ఆ గొంతులో పశ్చాత్తాపం కాదండీ, సంతోషం. నేనింకా అంతటి వాడిలా కనిపిస్తున్నానా అన్న సంబరం. మగవాళ్ళ ఆరోగ్యానికి ఏ బిళ్ళ పనిచేస్తుందో తెలియదు గానీ, ఆ అనుమానం మాత్రం ఆయనకి అప్పటికప్పుడు పనిచేసింది, మొహంలోకి నెత్తురొచ్చింది.

తర్వాత ఇద్దరం కలిసి రేపల్లె వెళ్ళాం. వెయిటింగు హాల్లో అందరూ మగవాళ్ళే, అందరూ ఒంటరిగా వచ్చినవాళ్ళే, ఒకళ్ళనొకళ్ళు ఎరగనట్టు ఫోన్లు చూసుకుంటున్నారు. డాక్టరుగారి గదికి తలుపు లేదు, పరదా ఉంది. మా ఆయన లోపల కూడా నోరు విప్పకపోతే నేనే అడిగాను, క్లాసులో అడిగినట్టు. కోరిక పోవడం, ఒళ్ళు మాట వినకపోవడం, ఛాతీ, కళ్ళు తిరగడం, అన్నీ వరసగా చెప్పాను. పరదా అవతల దగ్గు కూడా వినిపించలేదు. డాక్టరుగారు తల పట్టుకున్నారు. ఇన్నిసార్లు వచ్చారు, బాగుందండీ బాగుందండీ అని వెళ్ళిపోయారు గదండీ అన్నారు. ఒక మందు మార్చారు. రెండోది కొంతకాలం ఆపి చూద్దామనీ, వాపు మళ్ళీ ఇబ్బంది పెడితే ఆపరేషను గురించి ఆలోచిద్దామనీ అన్నారు. తనకి చెప్పకుండా ఏదీ ఆపెయ్యొద్దన్నారు. లేచేటప్పుడు ముందు కూర్చుని, ఆగి, ఆ తర్వాత నిలబడమన్నారు.

"మరి అది తిరిగి వస్తుందాండీ?" అని కూడా నేనే అడిగాను.

"చాలామందికి వస్తుందమ్మా. కొందరికి రాదు. చూడాలి."

మేం బయటికి వస్తుంటే ఆ హాల్లో మగవాళ్ళందరూ మా ఆయన్ని జాలిగా, నన్ను భయంగా చూశారు. తర్వాతి పేషెంటు లేచి, రెండడుగులు వేసి, మళ్ళీ కూర్చున్నాడు.

ఆ ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక ఆయన దిండు పట్టుకుని గదిలోకి వచ్చారు. చుట్టపుచూపుగా వచ్చినవాడిలా మంచం అంచున పడుకున్నారు.

"ఒకవేళ రాకపోతే?" అన్నారు.

రాకపోతే రాలేదు, నేను అడిగింది పక్కన ఉండమని గదండీ అన్నాను. ఓదారుద్దామనే అన్నాను. ఆయనకి రోషం పొడుచుకొచ్చింది. "అంటే నీకు అదేం అక్కర్లేదన్నమాట" అన్నారు, నొచ్చుకుంటూ. చచ్చే నవ్వొచ్చింది నాకు. ఈ మనిషితో ఎటు మాట్లాడినా తంటానే. కావాలి, ఎందుకక్కర్లేదు, నేనేమైనా మాల వేసుకున్నానా అన్నాను. లేకపోయినా బతుకుతాను, మీరు నన్ను చూసి తొలగిపోతే మాత్రం బతకలేను అని కూడా అన్నాను. అని, అంతవరకూ ఎవరికీ చెప్పని సంగతి చెప్పాను. శివదీక్ష రోజుల్లో ఒకరోజు స్కూలుకి సెలవు పెట్టి బాపట్లలోనే ఒక లేడీ డాక్టరు దగ్గరికి వెళ్ళాను. నా ఒంట్లో ఏదైనా తేడా వచ్చిందేమో, నాకు తెలియకుండా వాసనేమైనా వస్తోందేమో చూడమని అడిగాను.

"ఎందుకు?" అన్నారు ఆయన.

"మీకు నేనంటే అసహ్యం పుట్టిందేమోనని."

దిగ్గున లేచి కూర్చున్నారు. డాక్టరు చెప్పింది మర్చిపోయారు, కళ్ళు తిరిగాయి, తూలి నా భుజం పట్టుకున్నారు. కళ్ళు తిరగడం తగ్గాక కూడా చెయ్యి తియ్యలేదు. అటు తిరిగే, ఆ బాపట్ల డాక్టరమ్మ ఏమందని అడిగారు.

"నీకేం లోపం లేదమ్మా, ఒకసారి మీ ఆయన్ని తీసుకురా అంది."

"మరి నాకు చెప్పలేదేం?"

"స్వామి మాలలో ఉన్నారండి, రారు అని చెప్పి వచ్చేశాను."